కమాండర్ జీపు కొడుకుకు ఏ బండి కొనాలి?

ఇంట్లో కారు ఉండగా మా ఆయన మోటార్‌సైకిల్ మీద వానలో తడుస్తూ పొలం నుంచి వచ్చేవాడు. ఒకటి రెండు రోజులు కాదు, వానాకాలం పొడుగునా. వెనక యూరియా బస్తా కట్టుకొని, దాని మీద పాలిథీన్ కవరు కప్పి, తాను మాత్రం నెత్తికి తువ్వాల చుట్టుకొని పోయేవాడు. కారు వాకిట్లో రేకుల కింద పొడిగా ఉండేది.

ఆ కారు నేను కొన్నది. 2019లో, సెకండ్ హ్యాండ్‌లో, నా టీచరు జీతం మీద లోను తీసి కొన్నాను. సెడాన్. డిక్కీ పెద్దది, ఏసీ చల్లగా ఉంటుంది, మైలేజీకి వంక లేదు. నాగర్‌కర్నూల్ నుంచి బిజినేపల్లి వైపు నేను పనిచేసే బడికి రోజూ దాంట్లోనే పోయివచ్చాను. ఆయన ఆ కారును ఒక్క మాట అనలేదు. తాళంచెవి మాత్రం పట్టుకోలేదు. అత్యవసరమైతే నడిపేవాడు, ఇంటికి రాగానే చెవి మేకుకు తగిలించేవాడు.

చుట్టాల్లో కొందరు "పెండ్లాం పైసల కారు గదా, మొగోనికి నామోషీ ఉంటది" అన్నారు. అది నిజమేననుకొని నేను ఆయన మీద చాలాకాలం కోపం పెట్టుకున్నాను. ఆ కోపానికి ఆధారం లేదని తెలియడానికి ఆరేండ్లు పట్టింది. పోయినేడు ఆ కారు అమ్మి ఎస్‌యూవీ తీసుకుందామని కూర్చున్నప్పుడు, ఈసారి ఆయనకు నచ్చిందే కొనాలని గట్టిగా అనుకున్నాను. కొన్నాం కూడా. ఆ దారిలో నాకు ఏర్పడిన అభిప్రాయం ఒకటి ఉంది, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మన ఇంటి మనిషి ఇష్టం మనకు ఒక మోడల్ పేరుగా వినబడుతుంది: "నాకు బొలెరో కావాలె", "నాకు క్రెటా కావాలె" అని. ఆ పేరు విని కొనిస్తే తప్పు చేస్తాం, ఆ పేరు విని కొట్టిపారేసినా తప్పే చేస్తాం. పేరు వెనక ఏముందో అడగాలి. ఆ అడగడం షోరూంలో జరిగే పని కాదు.

మా ఆయన చెప్పిన పేరు బొలెరోనే. ఎందుకని అడిగితే "బండి లెక్క ఉంటది" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. నేను ఫోన్లో వీడియోలు పెట్టి చూపించాను. సన్‌రూఫ్, రంగులు మారే లైట్లు, పది అంగుళాల స్క్రీన్. ఆయన ఓపికగా చూసి, "గివన్నీ మంచిగనే ఉన్నయ్ గని ముంగట ఏమున్నదో కనబడ్తదా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు అప్పుడు అర్థం కాలేదు.

అర్థమైంది ఒక రాత్రి కరెంటు పోయి మిద్దె మీద కూర్చున్నప్పుడు. మా మామ, అంటే ఆయన నాయిన, కొల్లాపూర్–నాగర్‌కర్నూల్ మధ్య కమాండర్ జీపు నడిపేవాడు. ఈ తరం పిల్లలకు చెబితే నమ్మరు గానీ, తొంభైలలో మా పాలమూరు పల్లెలకు ఆ జీపులే ప్రాణం. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మిగతా పొద్దంతా జీపే. లోపల ఎదురెదురు సీట్లలో పన్నెండు మంది, డ్రైవర్ పక్కన నలుగురు, వెనక కడ్డీ పట్టుకొని వేలాడేవాళ్లు కొందరు, టాపు మీద కోళ్ల గంపలు, పల్లికాయ బస్తాలు. సెలవులు వస్తే మా ఆయన ఆ జీపుకు క్లీనరు. "పెద్దకొత్తపల్లి, పెద్దకొత్తపల్లి" అని అరిచేది ఆయనే, చిల్లర లెక్కబెట్టేది ఆయనే, రేడియేటర్లో నీళ్లు పోసేది ఆయనే. మా పెండ్లి 2008లో. జీపు అంతకు రెండేండ్ల ముందే మా ఆడబిడ్డ పెండ్లికి అమ్ముడుపోయింది. నేను దాన్ని ఫొటోలో కూడా చూడలేదు.

ఆ రాత్రి ఆయన చెప్పుకుంటూ పోతుంటే నేను అడ్డం రాలేదు. ఒకసారి వానాకాలంలో వాగు పొంగింది. నొప్పులు పడుతున్న ఆడమనిషి జీపులో ఉంది. మామ జీపు ఆపి, దిగి, నీళ్లలో నడిచి లోతు చూసి వచ్చి, మళ్లీ ఎక్కి, మొదటి గేరులో మెల్లగా దాటించాడట. బానెట్ మీద నీళ్లు తగులుతుంటే నాయిన చూపు బానెట్ అంచుల మీదే ఉందని, ఆ రెండు అంచులు కనబడినంతసేపు బండి ఎక్కడుందో తెలుస్తుందని అనేవాడని చెప్పాడు. "నాయిన అద్దంల నుంచి చూడడు, బానెట్ మీదికెళ్లి చూస్తడు."

మా సెడాన్ బానెట్ ముందుకు వాలి ఉంటుంది. లోపల కూర్చుంటే దాని అంచు కనబడదు. పైగా సీటు కిందికి ఉంటుంది, ఎక్కడం ఉండదు, దిగబడడం ఉంటుంది. మా పొలానికి పోయే బండ్ల బాటలో నడుమ గట్టు తీరు ఉబ్బి ఉంటుంది, కల్వకుర్తి లిఫ్టు నీళ్లు వచ్చినంక రెండు పక్కలా వరి మళ్లు, ఎప్పుడూ తడే. ముందేముందో కనబడని బండిని ఆ బాటలోకి దించితే చాంబర్, అంటే ఇంజను కింద ఆయిల్ ఉండే భాగం, తగులుతుంది. మొదటి నెలలో ఒకసారి తగిలిందట కూడా. నా లోను కారు కదా అని నాకు చెప్పకుండా మెకానిక్ దగ్గర చూపించుకొని వచ్చి, ఆ తర్వాత దాన్ని పొలానికి తీసుకుపోలేదు. నేను నామోషీ అనుకున్నది నా కారు మీద ఆయనకున్న జాగ్రత్త.

ఇది విన్నాక "బండి లెక్క ఉండుడు" అంటే ఏమిటో నోట్‌బుక్కులో రాయడం మొదలుపెట్టాను. ఎక్కి కూర్చోవాలి. వెన్ను నిటారుగా ఉండాలి. బానెట్ కనబడాలి. తక్కువ స్పీడులో, ఇంజను గట్టిగా అరవకుండా గుంజాలి. మీటలు చేతికి దొరకాలి, మట్టి చేతులతో నొక్కినా పనిచేయాలి. డీజిల్ చప్పుడు ఉండాలి. ఇవి రాసి చూసుకుంటే దేనికీ వంక పెట్టలేం. ఇందులో షోకు ఒక్కటీ లేదు. డీజిల్ చప్పుడు ఒక్కటే మనసుకు సంబంధించింది, అదైనా పద్నాలుగేండ్ల పిల్లవాడు నాయిన పక్కన కూర్చొని విన్న చప్పుడు. దానికి విలువ లేదనడానికి నాకు నోరు రాదు.

మా స్టాఫ్ రూంలో ఒక మేడం, "మొగోళ్లకు పెద్దగా కనబడాలె, అంతే మేడం. వాళ్లిష్టం చూస్తే సంసారం నడుస్తదా?" అన్నది. ఆమె అన్నది నేను ఒప్పుకోను. ఆడవాళ్ల ఇష్టం రంగు దగ్గర ఆగిపోతుందని షోరూం వాళ్లు అనుకోవడం ఎంత తప్పో, మగవాళ్ల ఇష్టం గొప్ప దగ్గర ఆగిపోతుందని మనం అనుకోవడం అంతే తప్పు. ఏండ్ల తరబడి ఒకే కంచంలో తిన్నవాళ్లం కూడా ఎదుటి మనిషి ఇష్టాన్ని విప్పి చూడకుండా పేరు పెట్టి పక్కన పడేస్తాం.

అయితే ఇష్టాన్ని అర్థం చేసుకోవడం ఒకటి, దానికి లొంగడం ఇంకొకటి. బొలెరో దగ్గర నేను ఆగాను.

మొదట ఎత్తు సంగతి. బొలెరో చూడటానికి ఎత్తుగా, పెట్టెలాగా ఉంటుంది కాబట్టి కింద కూడా చాలా ఎత్తు ఉంటుందనుకుంటాం. దాని గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ నడుమ ఎడం, 180 మిల్లీమీటర్లు. అదే పేరుతో వచ్చే ఇంకో మోడల్ బొలెరో నియోది 160. చూడటానికి సిటీ బండిలా కనిపించే నెక్సాన్‌ది 208, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓది 201, క్రెటాది 190. ఈ అంకెలు చదివి వినిపిస్తే ఆయన నమ్మలేదు. టేపు తీసుకొని మా మరిది బొలెరో కిందికి వంగి చూశాడు. పై ఎత్తు వేరు, కింది ఎత్తు వేరు అని ఆ రోజు ఇద్దరికీ తెలిసింది. బస్తాలు వేసినంక ఈ అంకెలన్నీ ఇంకా తగ్గుతాయి, అది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

రెండోది, నాకు అసలైనది, ప్రాణం సంగతి. 2024 ఏప్రిల్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు, అంటే బండ్లను గుద్దించి చూసి భద్రతకు ఐదింటికి ఇన్ని స్టార్లని ఇచ్చేవాళ్లు, బొలెరో నియోకు పరీక్ష పెట్టి పెద్దల భద్రతలో ఒక్క స్టారు, పిల్లల భద్రతలో ఒక్క స్టారు ఇచ్చారు. బండి గుల్ల నిలకడగా లేదన్నారు, కాళ్లు పెట్టే చోటు కూడా నిలకడగా లేదన్నారు. ఆ పరీక్షలో బండిని 64 కిలోమీటర్ల వేగంతో, ముందుభాగంలో నలభై శాతం మాత్రమే తగిలేట్టు ఢీకొట్టిస్తారు. మన రోడ్ల మీద ఎదురు బండి సగం పక్కకు తిప్పి గుద్దినప్పుడు జరిగేది అదే.

ఆయన గట్టిగా అడ్డం తిరిగాడు. "నాయిన పదహారేండ్లు నడిపిండు. ఒక్కనాడు ఒక్కలకు దెబ్బ తగల్లే. గా జీపుకు ఎన్ని స్టార్లున్నయ్?"

"మామ నడిపింది నలభై స్పీడుల. మనం పోయేది నలభై నాలుగు మీద," అన్నాను.

మా అబ్బాయి హైదరాబాద్‌లో చదువుతున్నాడు. నెలకు రెండుసార్లు భూత్పూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి జడ్చర్ల మీదుగా పోతాం. అక్కడ తొంభై, వంద దాకా పోకపోతే వెనక లారీలు ఊరుకోవు. కర్నూలు దిక్కు పోయినప్పుడల్లా కొత్తకోట దగ్గరి పాలెం వస్తుంది (మా బిజినేపల్లి పాలెం కాదు, అది వేరు). 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున అక్కడ ఒక బస్సు కల్వర్టుకు తగిలి, మంటలంటుకొని 45 మంది పోయారు. మా జిల్లా వాళ్లెవరూ ఆ చోటు దాటేటప్పుడు మాట్లాడరు. హైవే వేగంలో ఒక చిన్న సిమెంటు గోడ ఏం చేయగలదో మేం పుస్తకాల్లో చదువుకోనక్కర లేదు.

మా ఊళ్లలో బండి గట్టిదనం అంటే రేకు మందం. తట్టి చూసి "రేకు బలంగ ఉన్నది" అంటారు. దీనితో నాకు చాలా పేచీ ఉంది. గుద్దుకున్నప్పుడు ఆ వేగం ఎక్కడికో ఒక చోటికి పోవాలి. ముందుభాగం నలిగితే ఆ నలగడంలో కొంత వేగం ఖర్చవుతుంది, మనుషులు కూర్చునే గది నిలబడుతుంది. ముందుభాగం నలగకుండా మొండిగా ఉండి, గది మెత్తగా ఉంటే ఆ దెబ్బ మనిషి ఒంటికి వస్తుంది. బొలెరో, స్కార్పియో లాంటివి ఎడ్లబండి తీరు: కింద చట్రం వేరు, పైన బిగించిన డబ్బా వేరు. నెక్సాన్, క్రెటా, 3ఎక్స్‌ఓ లాంటివి కుండ తీరు: విడిగా చట్రం ఉండదు, బలమంతా గోడలోనే ఉంటుంది. చట్రం ఉన్నంత మాత్రాన బండి చెడ్డదని నేను అనను. స్కార్పియో-ఎన్ కూడా చట్రం బండే, 2022 డిసెంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి పెద్దల భద్రతలో ఐదు స్టార్లు వచ్చాయి. చేసిన తీరులో ఉంటుంది అంతా. అందుకే రేకు తట్టి చూడటం కన్నా, కొనబోయే మోడల్ పేరు పెట్టి ఆ పరీక్ష ఫలితం వెతకడం మేలు. 2023 అక్టోబర్ నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ ఉంది కాబట్టి వెతకడం ఇప్పుడు కష్టమేం కాదు.

ఆ వాదన ఒక్క రాత్రిలో తేలలేదు. రెండు రోజులు మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. మూడోనాడు పొద్దున చాయ్ తాగుతూ ఆయనే, "సరే, స్టార్లు లేనిది వద్దు. కని నా నోట్‌బుక్కుల రాసినవి నాకు కావాలె," అన్నాడు. నా నోట్‌బుక్కు ఆయనదైపోయింది. నాకు అప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మధ్యే మార్గం చెప్పినవాళ్లు చాలామంది. "ఇద్దరికీ నడుమ క్రెటా తీస్కోండి" అని మా బావగారు పోరు పెట్టారు. క్రెటా మీద నాకు ద్వేషం లేదు, డీజిల్ కూడా ఉంది. కానీ నడుమ ఉన్నది ఇద్దరికీ సగం సగం నచ్చుతుందనుకోవడం పొరపాటు, చాలాసార్లు అది ఇద్దరికీ నచ్చదు. పైగా దాని పొడవు 4330 మిల్లీమీటర్లు. 2025 సెప్టెంబర్ 22 నుంచి మారిన జీఎస్టీలో నాలుగు మీటర్ల లోపు పొడవు, డీజిల్ ఇంజను 1500 సీసీ లోపు, పెట్రోలైతే 1200 సీసీ లోపు ఉన్న బండ్లకు 18 శాతం, అవి దాటితే 40 శాతం. ఆ మీద మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్, అది కూడా బండి ధరను బట్టి పెరుగుతుంది. అంటే మేం బేరం ఆడి తగ్గించుకునే రూపాయి కన్నా టేపు పట్టి కొలిచే మిల్లీమీటరే ఎక్కువ విలువైనది. ఎలక్ట్రిక్ తీసుకుంటే 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్ లేదు, ఆ మాటా వచ్చింది. పొలం దగ్గర చార్జింగ్ లేదు, ఆయనకు చప్పుడు లేని బండి మీద మనసు లేదు. ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

స్కార్పియో-ఎన్ ఆయనకు చాలా నచ్చింది. మా తమ్ముని వరసైన ఒకాయన దగ్గర ఉంటే, మన్యంకొండ దర్శనానికి దాంట్లోనే పోయాం. ఘాట్ ఎక్కుతున్నంతసేపు ఆయన ముఖం చూస్తే పద్నాలుగేండ్ల క్లీనరు పిల్లవాడే. దానికి ఐదు స్టార్లూ ఉన్నాయి. మరి ఎందుకు కొనలేదంటే, దాన్ని నేను నడపలేను. నడపడం రాక కాదు. దాని వెడల్పు 1917 మిల్లీమీటర్లు, మా గల్లీలో ఎదురుగా ఆటో వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి పోవాలి. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. క్లచ్ పూర్తిగా అందాలంటే సీటు ముందుకు లాక్కోవాలి, అప్పుడు స్టీరింగ్ ఛాతీకి దగ్గరవుతుంది. ఎయిర్‌బ్యాగ్ మూతకూ ఛాతీ ఎముకకూ నడుమ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ కన్నుమూసి తెరిచేలోపు విచ్చుకుంటుంది, మరీ దగ్గరున్న మనిషికి అదే దెబ్బ. గుద్దుడు పరీక్షల్లో మనిషికి బదులు ఎక్కువగా కూర్చోబెట్టే బొమ్మ ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. నాది 155. ఐదు స్టార్లు ఉన్నాయని చూసుకొని ఊరుకోవడం నాకు చాలదు, నేను కూర్చొని కొలుచుకోవాలి.

భర్తకు నచ్చిన బండి అని రాస్తూ నా సంగతి ఎందుకు తెస్తున్నానంటే, వారంలో ఆరు రోజులు ఆ బండి నడిపేది నేను. పొట్టిగా ఉన్న ఆడవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇది: పర్సులో చిన్న స్కేలు పెట్టుకొని షోరూంకు పోండి. సీటు పైకీ కిందికీ జరిగే మీట ఉందా చూడండి, కింది వేరియంట్లలో చాలాసార్లు అది ఉండదు. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ కోసం లక్ష ఎక్కువ పెట్టేవాళ్లు ఈ మీట గురించి అడగరు. నేను షోరూంలో స్కేలు తీస్తే అక్కడి పిల్లవాడు "మేడం, కలర్స్ చూపించాలా?" అన్నాడు. ముందు ఇది చూడనియ్యి బాబూ అన్నాను.

చివరికి రెండు మిగిలాయి, నెక్సాన్ డీజిల్, 3ఎక్స్‌ఓ డీజిల్. రెండూ ఐదు స్టార్ల బండ్లే. నెక్సాన్ అయితే 2018 డిసెంబర్‌లోనే గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు తెచ్చుకున్న మొదటి మన దేశపు బండి. దాని డిక్కీ పెద్దది, కింద ఎత్తు ఎక్కువ. నా ఓటు మొదట దానికే. కానీ ఏసీ తగ్గించడానికి తాకుడు పలక ఉంది. ఆయన చేతులు పత్తి చేనులో పని చేసి చేసి పగుళ్లు బారినవి. వేలు పెట్టాడు, పలకలేదు. మళ్లీ పెట్టాడు, పలకలేదు. మూడోసారి పెట్టకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం చూసినప్పుడే నా మనసులో నెక్సాన్ పోయింది. ఇంకెవరికైనా అది చిన్న సంగతి కావచ్చు. ఆయన ఆరేండ్లు ఒక బండి నుంచి చెయ్యి వెనక్కి తీసుకొని బతికాడు, ఇంకోసారి అది జరగనివ్వను.

3ఎక్స్‌ఓలో ఏసీకి మీటలున్నాయి. సీటు పైకి లేపుకుంటే ఆయనకు బానెట్ కనబడింది, కొలిస్తే నా 25 సెంటీమీటర్లకు రెండు ఎక్కువే వచ్చాయి. పొడవు 3990 మిల్లీమీటర్లు, ఇంజను 1497 సీసీ, పన్ను గీతకు ఇవతలే. ఆ ఇంజను 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. టార్క్ అంటే మా భాషలో గుంజుడు. మూడు బస్తాల యూరియా, ఒక్కోటి 45 కిలోలు, వెనక వేసుకొని కాలువ గట్టు ఎక్కేటప్పుడు రెండో గేరులో ఇంజను అరవకుండా ఎక్కడం ఈ గుంజుడు వల్లే. ఆయన వెతికిన కమాండర్ గుణం ఇదే.

పోగొట్టుకున్నవి కూడా చెప్పాలి, లేకుంటే ఈ రాత అబద్ధం అవుతుంది. దాని డిక్కీ మా పాత సెడాన్ డిక్కీలో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. వెనక సీట్లు మడిస్తే గానీ బస్తాలు పట్టవు. ముందు చక్రాలు గుంజే బండి ఇది. వెనక బరువేసి తడి గట్టు ఎక్కుతుంటే బరువంతా వెనక్కి పోతుంది, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. వెనక చక్రాలు గుంజే బొలెరోకు ఆ బరువే పట్టు ఇస్తుంది. ఇక్కడ ఆయన వాదన నూటికి నూరుపాళ్లు నిజం, నేను ఒప్పుకున్నాను. నల్లరేగడి పూర్తిగా నానిన రోజుల్లో బండి కాలువ గట్టు దగ్గరే ఆపి నడిచిపోవాలని ఒప్పందం. డీజిల్‌కు ఇంకో షరతు ఉంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 పొగ నిబంధనల డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు కొంతసేపు ఆగకుండా, మంచి వేగంతో పోవాలి. నా బడి దూరం దానికి సరిపోతుంది, నెలకు రెండు హైదరాబాద్ ప్రయాణాలూ ఉన్నాయి. పొద్దున కూరగాయలకు, సాయంత్రం ట్యూషన్‌కు మాత్రమే తిప్పే ఇంటికి డీజిల్ కొనవద్దనే చెబుతాను, ఇంట్లోవాళ్లకు ఆ చప్పుడు ఎంత ఇష్టమైనా సరే.

టీజీ 31 నంబరు ప్లేటు వచ్చినంక మొదటి ఆదివారం మామను, అత్తమ్మను తీసుకొని కొల్లాపూర్ పోయాం. మామకు ఇప్పుడు డెబ్భై దాటాయి. ముందు సీట్లో కూర్చొని చాలాసేపు ఏం మాట్లాడలేదు. చెయ్యి డోరు మీద పెట్టుకొని బానెట్ దిక్కే చూస్తున్నాడు. పెద్దకొత్తపల్లి దగ్గర చెట్టు కింద ఒక అవ్వ సంచి పట్టుకొని నిలబడి ఉంది. మామ చటుక్కున, "ఆపురా, అవ్వను ఎక్కించుకో," అన్నాడు. మా ఆయన ఆపాడు. ఎన్నేండ్ల అలవాటో, ఇద్దరికీ ఆలోచించే పని పడలేదు.

"బస్సు ఫ్రీనే గని, పొద్దటి సంది వస్తలేదు బిడ్డా," అంటూ అవ్వ వచ్చింది. కాలు ఎత్తి పెట్టబోయింది, చీర కుచ్చిళ్లు అడ్డం వచ్చాయి, మోకాలు లేవలేదు. మా ఆయన దిగి వచ్చి రెండు చేతులూ పట్టి ఎక్కించాడు. దిగేటప్పుడు ఆమె బొడ్డు సంచి విప్పుతూ "ఎంతైతది?" అని అడిగితే, మామ వెనక్కి తిరిగి, "ఏమొద్దు అవ్వా, గిది లైను బండి కాదు," అన్నాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక మా ఆయన ఫుట్‌స్టెప్ వేయించాలన్నాడు. అత్తమ్మ కూడా ఎక్కడానికి తిప్పలు పడిందట, నేను చూడలేదు, ఆయన చూశాడు. ఫుట్‌స్టెప్ కిందికి దిగి ఉంటుంది, బండ్ల బాటలో గట్టుకు మొదట తగిలేది అదే, ఇంత కొట్లాడి తెచ్చుకున్న ఎత్తు పోతుంది అన్నాను. నేలకు ఎంత మిగులుతుందో చూడకుండా ఎట్లా వేయిస్తాం అన్నాను. ఆయన లోపలికి పోయి టేపు తెచ్చాడు. నేను ఫోను లైటు పట్టుకున్నాను.